జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా, మైళ్లలో

మా బావకు ఇంగ్లండు టిక్కెట్టు తీసింది నేనే. జగిత్యాలలో నాకు చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఉంది. దుబాయికో మస్కట్‌కో రోజూ ఎవరో ఒకరికి టిక్కెట్లు తీస్తుంటాను, రద్దు చేస్తుంటాను, ఎవరి కారణాలు వాళ్లవి అనుకుని ఊరుకుంటాను. కానీ ఆదివారం విమానం పెట్టుకుని, బుధవారం పొద్దున నేను ఆఫీసు తలుపు తీయకముందే మా రాజేశం బావ మెట్ల మీద కూర్చుని “క్యాన్సల్ చెయ్యి పిల్లా” అంటే మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. ఈ ప్రయాణం ఆ మంటలోంచి పుట్టిందే. విదేశానికి మొదటిసారి వెళ్తూ అక్కడి మైళ్లకూ అడుగులకూ భయపడేవాళ్లు ఎవరైనా ఉంటే, విమానం ఎక్కేముందు సొంత ఊరి చుట్టూ ఒక రోజు ఇలా తిరిగి చూడండి. ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. మా అక్క సునీత ఇంగ్లండులో ఒక చిన్న పట్నంలో నర్సు. వెళ్లి ఏడాదిన్నర అయింది. బావ పదకొండేళ్లు ఒమన్‌లో ట్రైలర్ నడిపి, నిరుడు తిరిగొచ్చి ఇక్కడే లారీ నడుపుతున్నాడు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా వాళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉన్న రోజులన్నీ కూడితే రెండేళ్లు కావు. ఇప్పుడు భర్తగా ఆయనకూ వీసా వచ్చింది, అక్క అద్దె గదిలోంచి చిన్న ఇంటికి మారింది. సరిగ్గా ఇప్పుడే మస్కట్‌లోని పాత కంపెనీ ఫోర్‌మన్ మళ్లీ రమ్మని ఫోన్ చేశాడట. వస్తాడో రాడో ఆ రోజు సాయంత్రం ఆరింటిలోపు చెప్పాలి. మస్కట్ వెళ్తే మళ్లీ రెండేళ్లు అక్క ఇంగ్లండులో, ఈయన ఒమన్‌లో.

“గక్కడ అన్నీ మైళ్లట, ఫీట్లట, గజాలట. బోర్డు మీది లెక్క తెల్వనోడు డ్రైవరెట్లైతడే? గీ వయసుల మల్ల ఓనమాలు దిద్దాల్నా?” అన్నాడు బావ, నా వైపు చూడకుండా.

“ఇగో కారు తాళం. ఎట్లైనా ఇయ్యాల కోరుట్లల నీ కోటు తెచ్చుకునేది ఉంది, సిరిసిల్లల అక్క చెప్పిన పరదా గుడ్డ కొనేది ఉంది. నువ్వే నడుపు. పొద్దు గూకేదాక మైళ్లే తప్ప కిలోమీటర్ల మాటొద్దు. ఎవలన్నా నోరు జారితె వాళ్లే చాయ్ తాపాలె. అప్పటికీ నీతోని కాదనిపిస్తె నా చేతులతోనే టిక్కెట్టు క్యాన్సల్ చేస్త,” అన్నాను. పందెం అనేసరికి ఆయన లేచి నిలబడ్డాడు. మా బావకు పందెం అంటే ప్రాణం.

నేనంత ధీమాగా మాట్లాడడానికి కారణం ఉంది. పోయిన ఎండాకాలం అక్క దగ్గర మూడు వారాలు ఉండి, తెలియనివాళ్లు పడే పాట్లన్నీ నేను ముందే పడి వచ్చాను. మొదటి రోజే అక్క “బజారు రెండున్నరే, నడుద్దాం పా” అంటే, రెండున్నర కిలోమీటర్లే కదా అని కొత్త చెప్పులు వేసుకుని బయల్దేరాను. అవి మైళ్లు. నాలుగు కిలోమీటర్లు వెళ్లి, నాలుగు కిలోమీటర్లు తిరిగొచ్చేసరికి మడమలు బొబ్బలెక్కాయి. నలభై దాటొద్దని బోర్డు పెట్టిన రోడ్డు మీద బస్సు రివ్వున పోతుంటే డ్రైవరు తప్పు చేస్తున్నాడని కంగారుపడ్డాను. ఆ నలభై మన అరవై నాలుగు. పాలు పైంట్లలో కొనాలి, పైంటంటే అర లీటరు పైచిలుకు. పక్కింటావిడ తన బరువు పన్నెండు రాళ్లని చెప్పింది, ఒక్కో రాయి మన ఆరు కిలోల పైచిలుకు. అదే దేశంలో పెట్రోలు మాత్రం లీటర్లలో పోస్తారు, ఎండా చలీ మనలాగే సెల్సియస్‌లో చెప్పుకుంటారు. వాళ్లూ సగం సగమే మారారని అర్థమయ్యాక నాకు భయం పోయి నవ్వొచ్చింది.

తొమ్మిదింటికి జగిత్యాల నుంచి బయల్దేరాం. కారులో వెళ్లేవాళ్లు ఈ మొత్తం తిరుగుడుకి పెట్రోలుకు పన్నెండు వందలు పక్కన పెట్టుకుంటే చాలు. బస్సులోనైతే కోరుట్లకు దండిగా సర్వీసులున్నాయి, ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే టిక్కెట్టుకు డబ్బులు కూడా అక్కర్లేదు. తెల్ల టేపు ముక్కల మీద ముప్పై, నలభై, యాభై, అరవై అని రాసి, స్పీడు మీటరు అద్దం మీద నలభై ఎనిమిది, అరవై నాలుగు, ఎనభై, తొంభై ఆరు దగ్గర అంటించాను. ఫోన్లో మ్యాపును మైళ్లకు మార్చాను. అది సెట్టింగుల్లో ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఊరు దాటేదాకా బావ సణుగుతూనే ఉన్నాడు. నేను లెక్క చెప్పాను. మైళ్లు ఎన్నో తీసుకో, దానికి సగం కలుపు, తర్వాత పదో వంతు కలుపు. ముప్పైకి పదిహేను, ఇంకో మూడు, నలభై ఎనిమిది.

“అంటె పదికి పదహారు,” అన్నాడు ఆయన కాసేపు ఆలోచించి. “రూపాయికి పదహారణాల లెక్క. గీ ముచ్చట ముందుగాల చెప్పరాదే?”

ఇంగ్లండులో మూడు వారాలున్నా ఆ మాట నాకు తట్టలేదు. అక్కడినుంచి ఆయనే నన్ను లెక్కలు అడగడం మొదలుపెట్టాడు. రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు పూత మీదున్నాయి. కళ్లాల దగ్గర పసుపు ఉడకబెట్టే వాసన అద్దాలు ఎత్తినా లోపలికి వస్తోంది. మేడిపల్లి బావ సొంతూరు. ఆ ఊరు దాటుతుంటే, “గీడికెల్లి కోరుట్ల ఎనిమిది మైళ్లుండచ్చు” అని నేను అడక్కుండానే అన్నాడు. జగిత్యాల నుంచి కోరుట్ల మొత్తం పదిహేనున్నర మైళ్లు. మధ్యలో చాయ్‌కి ఆగినా పదింటికి చేరుకున్నాం. చాయ్ నేనే తాపాను, ఎందుకంటే పాతిక కిలోమీటర్లు అని మొదట నోరు జారింది నేనే.

కోరుట్లలో టైలరు నర్సయ్య మాస్టరుకు బావ ముందే చలికోటు కుట్టడానికి ఇచ్చి ఉన్నాడు. తొడిగి చూస్తే చేతులు కొంచెం పొట్టి. మాస్టరు టేపు తీసి కొలిచి, “ఇరవై నాలుగున్నర చేసిన, ఇరవై ఐదున్నర కావాలె. మడత లోపల గుడ్డ ఉన్నది, గంటల ఇప్పి ఇస్త” అన్నాడు. సెంటీమీటర్లలో ఎంతని బావ అడిగాడు, నన్ను ఇరికించాలని. మాస్టరు టేపును అటూ ఇటూ తిప్పి చూశాడు. “గీ దిక్కు కూడ అంకెలున్నయి గని, గవి నాకెందుకు? మా నాయన నేర్పింది ఇంచులల్ల. నేను కుట్టేది ఇంచులల్ల.”

నాకు కావలసింది అదే. “విన్నవా బావా? పుట్టినకాడికెల్లి ఇంచుల అంగీలే తొడుగుతున్నవ్. బోరు ఎంత లోతు తవ్విస్తం?”

బావ నోరు విప్పేలోగా మాస్టరే అందుకున్నాడు. “మాది మూడొందల ఫీట్లు పోయింది బిడ్డా. ఇంచున్నర నీళ్లు పడ్డయి, గంతే.” ఇక నేను ఆగలేదు. పొలం ఎకరాలు, ప్లాటు గజాలు, దర్వాజ ఫీట్లు, టీవీ ఇంచులు. గజం అంటే మూడు అడుగులు, ఇంగ్లండు బోర్డు మీద ఉండేది ఆ గజమే. మనం పాలు లీటర్లలో, బియ్యం కిలోల్లో కొంటూ, ఇల్లు మాత్రం అడుగుల్లో కట్టుకుంటాం. రెండు లెక్కల మధ్య బతకడం మనకు కొత్తేం కాదు. నేను చెప్పింది విని మాస్టరు తలాడించాడు. బావ కోటు విప్పి ఇచ్చి, “నువ్వు టిక్కెట్లమ్ముకునే దానివి కాదు, ఓట్లడుక్కునే దానివే” అన్నాడు. ఆయన ముఖం తేటపడింది. పని సగం అయిపోయిందనుకున్నాను.

కోటు సర్దడం అయ్యేసరికి పన్నెండున్నర. బస్టాండు పక్క సందులో లక్ష్మి అనే ఆవిడ నడిపే చిన్న మెస్సుంది, నాలుగు బల్లలు, బయట చెప్పులు. జొన్నరొట్టె, పుంటికూర (గోంగూర) పప్పు, కోడికూర, అన్నం కలిపి నూట ముప్పై. ఆ వైపు వెళ్తే పుంటికూర పప్పు రెండోసారి అడిగి వేయించుకోండి. లక్ష్మి వడ్డిస్తుండగా ఆవిడ ఫోన్ మోగింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడింది. “ఎంత సూపెడ్తుంది? నూటరెండా? తడిగుడ్డ ఎయ్యి, నేనిప్పుడే అస్తున్న.” గరిటె తోటికోడలి చేతిలో పెట్టి, “పిల్లకు జరమమ్మా, ఏమనుకోకుండ్రి” అని చెప్పులు వేసుకుని పరుగెత్తింది.

బావ రొట్టె తుంచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. “లతా,” అన్నాడు. నన్ను పేరు పెట్టి పిలవడం అరుదు. “మొన్న చలికాలంల మీ అక్కకు జరమొచ్చింది, తెల్సా నీకు?”

నాకు తెలియదు.

“రాత్రి ఫోన్ జేసింది. గొంతు పీలగున్నది. జరం ఎంతున్నదే అంటె ముప్పై తొమ్మిదిన్నర అన్నది. నేను నవ్విన. నూరు దాటితెనె గదా జరం. ముప్పై తొమ్మిదంటె మన దగ్గర ఎండాకాలం ఎండ. గంతేనా, దుప్పటి కప్పుకొని పండుకో అని ఫోన్ పెట్టేసిన. పసుపు లోడు ఎత్తుకొని నాగ్‌పూర్ పోయిన. రెండు దినాలు ఫోన్ చెయ్యలే.” నీళ్లు తాగాడు. “ఆమెతోని పనిజేసే ఒకామె తర్వాత నాకు చెప్పింది. గా రాత్రే ఆమెను దవాఖానకు తీస్కపోయిండ్రట. సునీత ఇప్పటిదాక నన్ను ఒక్క మాట అనలే. అన్నా బాగుండు.”

మన ఇళ్లలో థర్మామీటర్ ఫారెన్‌హీట్‌లో ఉంటుంది. తొంభై ఎనిమిది మామూలు, నూరు దాటితే జ్వరం, నూటమూడు అంటే పరుగెత్తాలి. ఎండను మాత్రం సెల్సియస్‌లో చెప్పుకుంటాం. అక్కడి థర్మామీటర్ జ్వరాన్ని కూడా సెల్సియస్‌లోనే చూపిస్తుంది. అక్క నర్సు, ఆమెకు రెండూ తెలుసు. కానీ ఒళ్లు కాలిపోతున్నప్పుడు చేతిలో ఉన్నది ఏం చూపిస్తే అదే చెప్పింది. ముప్పై తొమ్మిదిన్నర అంటే మన నూటమూడు. నాకు బావ మీద కోపం వచ్చింది. ఆ వెంటనే ఆయన ముఖం చూసి ఏడుపొచ్చింది. అక్క నాక్కూడా చెప్పలేదని ఉక్రోషం వచ్చింది.

“బోర్డులు నేర్చుకుంటనే, అవి ఎంతసేపు?” అన్నాడు బావ చెయ్యి కడుక్కుంటూ. “గక్కడికి పోయినంక ఆమెకు ఏదన్న అయితె, నాకు మల్ల సమజ్ కాకపోతె? పక్కల ఉండి కూడ పనికిరాకపోతె? గందుకే మస్కట్ అంటున్న. దూరముంటె కనీసం దూరముంటిమి అనుకోవచ్చు.”

కోరుట్ల నుంచి రుద్రంగి, వేములవాడ మీదుగా సిరిసిల్లకు దాదాపు ముప్పై ఏడు మైళ్లు, గంటన్నర పట్టింది. రుద్రంగి దగ్గర గుట్టల మధ్య రోడ్డు బాగుంటుంది, ఎవరైనా ఆగి ఫొటోలు తీసుకుంటారు. మేము ఆగలేదు. వేములవాడ దాటాక కారు ఒక పక్కకు లాగుతోందని బావ పంక్చరు దుకాణం ముందు ఆపి, “ముందటియి రెండు ముప్పై రెండు కొట్టు” అని చెప్పాడు. ఆ ముప్పై రెండు ఏమిటో తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. పౌండ్లు, ఇంగ్లండు వాళ్ల బరువు కొలత అన్నాను. “గాలి కూడ ఇంగిలీసోళ్లదేనా?” అని కొద్దిగా నవ్వాడు. అంతకంటే నేనూ పొడిగించలేదు. ఆ నవ్వుతో మస్కట్ ఆగదని నాకు తెలుస్తూనే ఉంది.

సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డుకు ఆనుకునే శంకరయ్య సేటు గుడ్డల దుకాణం ఉంది. లోపల మాట్లాడాలంటే మగ్గాల చప్పుడు మీద గొంతు పెంచాలి. మేము వెళ్లేసరికి నాలుగు కావస్తోంది. నీలం చారల నూలు గుడ్డ నాకు చూడగానే నచ్చింది. మీటరు నూట ఇరవై, పన్నా నలభై ఎనిమిది ఇంచులు. సిరిసిల్లలో గుడ్డ వెడల్పును పన్నా అంటారు. అది ఇంచుల్లో చెబుతారు, పొడవు మీటర్లలో కోస్తారు. అక్క పంపిన కొలత ఫోన్లో చదివాను. రెండు కిటికీలూ ఒకటే, ఆరు అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల నిలువు. కుచ్చులకు ఇంత, మడతలకు ఇంత అని లెక్క కట్టి పది మీటర్లు కొయ్యమన్నాను. సేటు కత్తెర తీశాడు.

“ఆగు సేటు,” అన్నాడు బావ. వేళ్ల మీద ఏదో లెక్కపెడుతున్నాడు. “ఆరు ఫీట్లంటె ఎనిమిది జానలు. నాలుగున్నరంటె ఆరు జానలు. మా నాయన తాటిచెట్లెక్కే మోకుతాడు గిట్లనే కొల్సేటోడు, జానకు తొమ్మిది ఇంచులు. ఏ కిటికీ గంత సక్కగ జానల లెక్కకు రాదు. గిది టేపు కొలత గాదే.”

నేను ఏదో అనేలోపే ఆయన అక్కకు ఫోన్ చేశాడు. మగ్గాల చప్పుడుకు వినబడదని స్పీకర్ పెట్టాడు. అక్కడింకా మధ్యాహ్నం కాలేదు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న అక్క నిద్రగొంతుతో పలికింది.

“కిటికీ దేనితోని కొల్సినవ్?” అని అడిగాడు బావ.

“ఎందుకు? గుడ్డ సాలదా?”

“జానలతోని గదా?”

“అవ్. ఇంట్ల టేపు లేకుండె. కుర్చెక్కి చేత్తోని కొల్సిన. నీకెట్ల తెల్సింది?”

“జానకు తొమ్మిది ఇంచులేసినవా?”

“అందరేసేదే గదా.”

“తొమ్మిది నా జాన. నీది ఎనిమిదే. నీ చెయ్యి నా చేతి మీద పరిస్తె ఒక ఇంచు తక్కువస్తది.”

సేటు కత్తెర పక్కన పెట్టేశాడు. ఫోన్లో అక్క ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

“సునీతా,” అన్నాడు బావ. గొంతు తగ్గించాడు, నేను వినడానికి దగ్గరికి జరగాల్సి వచ్చింది. “గా రాత్రి నువ్వు చెప్పిన లెక్క నాకు సమజ్ కాలే. నూరు దాటలేదనుకున్న. నవ్విన.”

“నాకు తెల్సు. నూటమూడని నేను చెప్తె అయిపోతుండె. ఒళ్లు తెల్వలే నాకు.” తనే అడిగింది. “వస్తున్నవా మరి?”

“పరదాలు ఎవలు కడ్తరు? నీకు అందదు గదా.”

నాకు కళ్లు నిండిపోయాయి. గుడ్డ నేత చూస్తున్నట్టు తల వంచుకున్నాను. ఎనిమిది ఇంచుల జానతో లెక్క మళ్లీ కడితే వెడల్పు అరవై నాలుగు ఇంచులు, నిలువు నలభై ఎనిమిది. తొమ్మిది మీటర్లు సరిపోయాయి. సేటు గుడ్డ కోస్తుండగా బావ షెడ్డు బయటికి వెళ్లి ఫోర్‌మన్‌కు ఫోన్ చేశాడు. తలుపు దగ్గర నిలబడి విన్నాను, దాచడం ఎందుకు. “లేదన్నా, నేనస్తలేను. నా పెండ్లాం దగ్గరికి పోతున్న. జీతమా? తెల్వదన్నా, పోయినంక సూస్త.” ఫోన్ జేబులో పెట్టుకుని, టిక్కెట్టులో ఎన్ని కిలోల సామానుందని నన్ను అడిగాడు.

వేములవాడ మీదుగా జగిత్యాలకు నలభై మైళ్లు. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద ట్రాక్టర్లకు వెనక దీపాలుండవు, కాబట్టి వీలైతే వెలుతురులోనే తిరిగి రండి. విదేశం వెళ్లేవాళ్లకు నేను ఇప్పుడు గట్టిగా చెప్పగలను, మైళ్లూ పౌండ్లూ ఒక్క రోజులో వచ్చేస్తాయి. మా బావకు మధ్యాహ్నానికే వచ్చాయి. తొమ్మిదేళ్లలో ఏడేళ్లకు పైగా ఫోన్లోనే గడిచిన కాపురంలో ఆయనకు భార్య చెయ్యి ఎంత ఉంటుందో తెలుసు, భార్య జ్వరం ఎంత ఉందో మాత్రం తెలియలేదు. మొదటిది తెలిసినవాడికి రెండోది నేర్చుకోవడం పెద్ద పని కాదని నేను నమ్ముతున్నాను. ఆదివారం ఆయన్ను విమానాశ్రయంలో దింపి వచ్చాకే ఇది రాస్తున్నాను.

ఒకే ఒక్క చిట్కా. మీరు వెళ్తున్నా, మీవాళ్లు వెళ్తున్నా, మైళ్ల కంటే ముందు జ్వరం లెక్క నేర్చుకోండి. అక్కడి ముప్పై ఏడు మామూలు ఒళ్లు. ముప్పై ఎనిమిది అంటే మన నూరు దాటినట్టు. ముప్పై తొమ్మిది నూటరెండు, నలభై నూటనాలుగు. వెళ్లేవాళ్లే కాదు, ఇంట్లో ఫోన్ ఎత్తేవాళ్లు కూడా నేర్చుకోవాలి. దూరం నుంచి ఎవరైనా ముప్పై తొమ్మిది అంటే ఫోన్ పెట్టేయకండి.